గిన్నె అడుగున కప్పు

సింగారం అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తు లేదు. చిన్నప్పుడు పెద్దమ్మ పెట్టిన రొట్టెముక్కల్ని పళ్లెంలో పువ్వులా పేర్చుకుంటే గాని నోట్లో పెట్టుకునేది కాదట. "తిండికి కూడా సింగారమేనా నీకు" అని పెద్దమ్మ విసుక్కుంటే, ఆ విసుగే పేరై కూర్చుంది. పెద్దయ్యాక ఆ పిచ్చే బతుకుతెరువయింది. హోటళ్ల మెనూలకూ బిస్కెట్ డబ్బాలకూ ఫొటోలు తీసే స్టూడియోలో తిండిని ముస్తాబు చేసే పని ఆమెది. నమ్మండి, నమ్మకపోండి, అలాంటి ఉద్యోగం ఒకటుంది, దానికి జీతం కూడా ఇస్తారు.

ఆ పనిలో ఆమెకు మంచి పేరుంది. కూరగాయలు సగమే ఉడికిస్తే రంగు పోదు. రొట్టె మీద బ్రష్షుతో నూనె రాస్తే అప్పుడే పొయ్యి మీంచి దిగినట్టుంటుంది. తడిదూదిని వేడిచేసి గిన్నె వెనక దాచిపెడితే పొగలు కక్కుతున్న భోజనం సిద్ధం. మెరిసే చెంచాలో ఫొటోగ్రాఫర్ మొహం కనపడుతుంది కనుక మాసిపోయిన చెంచాలే ఏరి తెచ్చుకోవాలి. స్టూడియో వెనక గదిలో ఆమె అలమరా తెరిస్తే పాత సామాన్ల కొట్టే: అంచు చెదిరిన పళ్లేలు, విరిగిన తలుపు చెక్కలు, ఉతికి ఉతికి మెత్తబడ్డ గుడ్డలు. ఇంట్లో కూడా ఆ చెయ్యి ఊరుకోదు. పళ్లెం అంచు తుడవందే తినదు, తిననివ్వదు. తినమంటావా, ఫొటోకి పోజివ్వమంటావా అని మొగుడు రోజూ ఆటపట్టిస్తాడు.

ఇక పెద్దమ్మ సంగతి. అమ్మానాన్నలిద్దరూ పనులకు పోయే రోజుల్లో, బడి వదలగానే సింగారం ఆకలి చూసింది ఆవిడే. వీధి మలుపులో అయిదు బల్లల భోజనశాల ఆవిడది. మధ్యాహ్నం మాత్రమే తెరుస్తుంది, వండేది ఒక్కటే: దుంపలూ చిక్కుడు గింజలూ మాంసం ముక్కలూ వేసిన సూపు, పక్కన రొట్టె. వడ్డనకు ఒక పద్ధతుంది. ఒక గరిటె అడుగు నుంచి, ముక్కలతో. ఒక గరిటె పైనుంచి, నీళ్లతో. అలా పోస్తే మొదట వచ్చినవాడికీ ఆఖరున వచ్చినవాడికీ ఒకేలా అందుతుంది. ముప్పై ఏళ్లలో ఆ గరిటె లెక్క తప్పలేదని ఆవిడకో గర్వం. వేరే గర్వాలు పెట్టుకునే తీరిక ఎప్పుడు దొరికింది గనుక!

ఎదురుగా అద్దాల హోటలొకటి వెలిసి, గోడ నిండా రంగురంగుల బొమ్మలు పెట్టేసరికి సింగారానికి రోషం వచ్చింది. తానుండగా పెద్దమ్మ గుమ్మం బోసిగా ఉండటమేమిటని, తన స్టూడియోలోనే ఫొటో తీయిస్తానంది. పెద్దమ్మ రెండే కోరింది. గిన్నె తనదే ఉండాలి, రోజూ అందరికీ పోసే నీలం అంచు తెల్ల గిన్నె. రెండోది ఇంకా చిన్నది.

"ఉన్నది ఉన్నట్టు తియ్యవే. నాకంతే చాలు."

అలాగే పెద్దమ్మా, అంది సింగారం. ఆ మాట అన్నప్పుడు ఆమె మనసులో ఏ కల్మషమూ లేదు, పాపం.

పెద్దమ్మ తన చేత్తో రెండు గరిటెలు క్యారియర్లో పోసిచ్చిన సూపును స్టూడియోలో గిన్నెలోకి వంపగానే ముక్కలన్నీ అడుక్కి పోయాయి. పైన మిగిలింది మట్టిరంగు నీళ్లు. ఏ సూపైనా అంతే, పెద్దమ్మ తప్పేం లేదు. సింగారం చెయ్యి దానంతటదే అలమరాలోకి వెళ్లి ఒక చిన్న టీ కప్పు తీసి గిన్నె అడుగున బోర్లించింది. దాని మీద దుంపలూ గింజలూ ముక్కలూ ఒద్దికగా పేర్చి, చుట్టూ కాస్త నీళ్లు పోసింది. గిన్నె పొంగిపొర్లుతున్నట్టు కనపడింది. పదిహేనేళ్లుగా చేస్తున్న పని, అందులో ఆలోచించడానికేముంది? పెద్దమ్మకిచ్చిన మాట ఆ పూట గుర్తే రాలేదు.

ఫొటోను తలుపంత చేసి గుమ్మం పక్కన తగిలించారు. పెద్దమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, నేను వండిందేనా ఇది అని మురిసిపోయింది. దారినపోయే ప్రతివాళ్లనీ ఆపి, మా చెల్లెలి కూతురు తీయించిందని చెప్పుకుంది. జనం పెరిగారు. సింగారం కాలరెగరేసుకుని తిరిగింది.

మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం సింగారం అటుగా పోతూ లోపలికి వెళ్లి మూల బల్ల దగ్గర కూర్చుంది. అప్పుడే పక్క సందులోని కార్ల మెకానిక్ వచ్చాడు. ఇరవై ఏళ్లుగా అక్కడే తింటున్న మనిషి, పెద్దమ్మను అక్కా అని పిలుస్తాడు, సింగారానికి వరసకు మామయ్య. చేతుల జిడ్డు వదిలించుకుని వచ్చేసరికి ఎప్పుడూ ఆఖరు బంతే. పెద్దమ్మ గిన్నె తెచ్చి ముందు పెట్టింది. ఆయన చెంచాతో కలిపాడు. ఒక దుంప ముక్క, నాలుగు గింజలు. మిగతాదంతా నీళ్లు. ఆయన అరవలేదు. చెంచా పక్కన పెట్టి గుమ్మం పక్కనున్న ఫొటో వైపు చూశాడు.

"బొమ్మకు పెట్టినన్ని మనుషులకు పెట్టవా అక్కా?"

అంతే, లేచి వెళ్లిపోయాడు. పెద్దమ్మ ఆ గిన్నె తీసి పక్కన పెట్టింది. తర్వాత సింగారం పక్కన కూలబడి నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఫొటో పెట్టిన వారం నుంచే ఒకళ్లూ ఇద్దరూ అడుగుతున్నారట, అందులో ఉన్నన్ని ముక్కలు ఇందులో లేవేమని. గిన్నె అదే, సూపు అదే, మరి ఎందుకు లేవు? అందుకని రెండు గరిటెలూ అడుగు నుంచే పోయడం మొదలుపెట్టిందట. సగం మంది తినేసరికి కుండలో ముక్కలు అయిపోతున్నాయి. వెనక వచ్చినవాళ్లకి నీళ్లు మిగులుతున్నాయి.

"చెయ్యి తగ్గిందే నాకు" అంది పెద్దమ్మ. "ఆ రోజు నీ ఫొటోకి రెండు గరిటెల్లో అన్ని ముక్కలెలా పడ్డాయో. ఇప్పుడెంత చేసినా పడటం లేదు. వయసు మీదపడింది."

కప్పు మాట సింగారం నాలుక చివరి దాకా వచ్చింది. బల్లల దగ్గర ఇంకా నలుగురు తింటున్నారు. వాళ్ల ముందు ఎలా చెప్పడం అనుకుంది. అదొక సాకని ఆమెకే తెలుసు. ఏదో పనుందని చెప్పి బయటపడింది. సందు మలుపులో వెనక్కి తిరిగి చూస్తే, పెద్దమ్మ ఖాళీ గిన్నె చేత్తో పట్టుకుని ఫొటో ముందు నిలబడి, గిన్నెనొకసారి, ఫొటోనొకసారి చూస్తోంది. సింగారానికి సిగ్గుతో ఒళ్లంతా మండిపోయింది. అయినా వెనక్కి వెళ్లలేదు. ఆ సంగతి కూడా చెప్పుకోవాలి కదా, వెళ్లలేదు.

మూడు రోజులు తిండి సయించలేదు. పళ్లెం అంచు తుడవడం మానేసింది, మొగుడు ఒంట్లో బాగాలేదా అని నుదురు పట్టుకు చూశాడు. నాలుగో రోజు స్టూడియోలో ఇంకెవరిదో గిన్నెలో కప్పు బోర్లించబోయి చెయ్యి ఆగిపోయింది. ఆ కప్పు సంచిలో వేసుకుని, సెలవు పెట్టి, పెద్దమ్మ దగ్గరికి నడిచింది.

ఇంకా జనం రాలేదు. పెద్దమ్మ దుంపలు చెక్కు తీస్తోంది. సింగారం నీలం అంచు గిన్నె తీసి, అందులో కప్పు బోర్లించి, ఉడుకుతున్న కుండలోంచి ఒక్క గరిటె పోసింది. ముక్కలన్నీ కప్పు నెత్తిన నిలిచాయి. గిన్నె నిండిపోయింది, అచ్చం ఫొటోలో ఉన్నట్టే.

"ఇలా తీశాను పెద్దమ్మా. నీ చేతిది కాదు. నాది తప్పు. మొన్న ఆయన ముందే చెప్పాల్సింది, నోరు రాలేదు."

పెద్దమ్మ వంగి గిన్నెలోకి చూసింది. తిడుతుందనుకుంది సింగారం. తిట్టాలని కోరుకుంది కూడా. పెద్దమ్మ తన కుడి చెయ్యి ఒకసారి చాపి, తిప్పి చూసుకుంది.

"అయితే నా చెయ్యి బాగానే ఉందా?"

ఆ గొంతులోని సంతోషం విన్నాక సింగారం ఇక ఆగలేకపోయింది. కుండ పక్కనే కూర్చుని ఏడ్చింది. మూడు నెలల పాటు ఈ మనిషి తన చేతిని తానే అనుమానించుకుంటూ బతికింది, తను కాలరెగరేసుకుని తిరిగింది. పెద్దమ్మ ఆమెను ఏడవనిచ్చింది. తర్వాత, నాకు చెప్పావు సరే, ఆయనకెవరు చెప్తారు అని అడిగింది. ఆ ఫొటోను కూడా తానే దింపి గోడకు తిప్పి పెట్టింది.

సింగారం మెకానిక్ షెడ్డుకు వెళ్లింది. పనివాళ్లందరూ వింటుండగానే చెప్పింది, చెప్పినంతసేపూ తల ఎత్తలేకపోయింది. ఆయన అంతా విని, చేతులు తుడుచుకుని, సరే పదమ్మా, ఆకలేస్తోంది అన్నాడు. అంత తేలిగ్గా పోతుందనుకోలేదు సింగారం.

పెద్దమ్మ కళకళలాడే మొహంతో ఎదురొచ్చింది. అడుగు నుంచి ఒక గరిటె, పైనుంచి ఒక గరిటె, పాత లెక్కే. గిన్నె బల్ల మీద పెట్టి, రొట్టె తేవడానికి లోపలికి తిరిగింది.

మెకానిక్ చెంచా తీసుకున్నాడు. తినబోయే ముందు దాన్ని నిలువుగా గిన్నెలోకి దించి, అడుగు తగిలేదాకా పొడిచాడు. మధ్యలో ఒకసారి, అటూ ఇటూ ఒక్కోసారి. టక్కు టక్కుమని చప్పుడు వినపడింది. పెద్దమ్మ వెనక్కి తిరగలేదు గాని రొట్టె కోస్తున్న కత్తి ఆగింది. ఇరవై ఏళ్లలో ఆ గిన్నె అడుగు ఆయన తడిమి చూడటం అదే మొదటిసారి.