పన్నెండూ ఇరవై ఒకటి

బాపట్లలో నాలుగేళ్లు, రేపల్లెలో పదేళ్లు సైన్సు చెప్పాను. రెండుచోట్లా రికార్డు పుస్తకమంటే అక్క రాసింది చెల్లెలు ఎత్తి రాయడమే. ఎండలో ఎవరూ నిలబడరు. నీడల కొలతలు మాత్రం ఏటా పొల్లుపోకుండా ఒకటే. వాటికే ‘వెరీ గుడ్’లు.

డెబ్బైల మొదట్లో, ఒక ఫిబ్రవరిలో, రేపల్లెలో పదో తరగతి పిల్లల చేత ఆవరణలో మీటరు కర్ర పాతించాను. నిజాంపట్నం వైపు పడవలవాళ్ల పిల్ల ఒకతె పొద్దున్న పది యాభై ఒకటికి నీడ కొస దగ్గర మేకు దిగ్గొట్టింది. నీడ మళ్లీ అంతే పొడవుకు వచ్చేసరికి ఒంటిగంటా యాభై ఒకటి. రెంటికీ మధ్య వేళ, అంటే అసలు మిట్టమధ్యాహ్నం, పన్నెండూ ఇరవై ఒకటి. అదే రాసింది.

హెడ్ మాస్టారు ఎర్ర సిరాతో కొట్టేశారు. “మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి కాక ఇంకెప్పుడవుద్ది? దిద్దుకురా. లేకపోతే సంతకం పెట్టను, పరీక్షకి పంపను.”

“నేను దిద్దుతానండి. సూర్యుణ్ణి ఎవరు దిద్దుతారండి?” అంది ఆ పిల్ల.

నేను చెప్పి చూశాను. గడియారం దేశమంతటికీ ఒకటే. మనం దాని రేఖాంశానికి పడమర ఉన్నాం కనక ఏడు నిమిషాలు ఆలస్యం. ఫిబ్రవరిలో సూర్యుడి ఆలస్యం పధ్నాలుగు. కూడితే ఇరవై ఒకటి. ఆయన వినలేదు.

మర్నాడు స్వయంగా గొడుగు వేసుకుని కర్ర దగ్గర నిలబడ్డారు. అదే లెక్క వచ్చింది. “చూశారా అమ్మా, మన గడియారమే ఇరవై ఒక్క నిమిషాలు ముందుంది,” అని స్కూలు గడియారాన్నీ, తన చేతి గడియారాన్నీ వెనక్కి తిప్పారు. పాఠ్యపుస్తకంలో పన్నెండని ఉన్నది తప్పయ్యే ప్రసక్తే లేదు కదా!

సాయంత్రం బడి గంట ఇరవై ఒక్క నిమిషాలు ఆలస్యంగా కొట్టారు. భట్టిప్రోలు, వేమూరు పిల్లలు పదకొండు మంది, తెనాలి వెళ్లాల్సిన నేను, ఆయన, మొత్తం పదమూడు మందిమి పరుగున స్టేషనుకు వెళ్లేసరికి పట్టాలు ఖాళీ.

“బండి ముందే వెళ్లిపోయిందేంటండీ?” అని స్టేషన్ మాస్టరును గద్దించారు.

“టైముకే వెళ్లిందండి. మీరే తీరిగ్గా వచ్చారు.”

రెండు బస్సులు మారి ఇళ్లకు చేరాం. దారంతా ఆయన కిటికీలోంచి బయటికే చూశారు.

మర్నాడు ప్రార్థన కాకముందే గడియారం ముళ్లు యథాస్థానానికి వచ్చాయి. తిప్పిందెవరో ఎవరికీ తెలియదట! ఆ పిల్ల రికార్డు తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను.

“గడియారం సరైనదేనని తేలింది, నీడ మీరే కొలిచారు. ఇంక ఈ పిల్ల రాసిందాంట్లో తప్పేంటండీ?”

సంతకం చేశారు. బండి తప్పకముందే ఒప్పుకున్నట్టు, కింద తేదీ ముందురోజుది వేశారు. అదీ దిద్దించాను.