విషమని తెలిసే తాగిన నీళ్ళు: కౌతాళం నుంచి ఎమ్మిగనూరు దాకా

నేను చదివింది ఏడో తరగతి. రెండేళ్ళ క్రితం దాకా పత్తి చేలలో కూలికి పోయేదాన్ని. ఇప్పుడు పురుగుమందుల వాడకం తగ్గించాలని పనిచేసే ఒక చిన్న సంస్థ తరఫున ఊళ్ళు తిరిగి, చూసింది వాళ్ళ పత్రికకు రాస్తున్నాను. అక్కడొక నియమం ఉంది. ఎవరి గురించి రాశామో వాళ్ళకు చదివి వినిపించాలి, వాళ్ళు సరేనంటేనే అచ్చు. ఎమ్మిగనూరు దగ్గరి పత్తి కూలీల మీద రాసిన, నా పేరుతో రావలసిన మొదటి వ్యాసం సంచిలో పెట్టుకుని మొన్న బుధవారం బయలుదేరాను. నలుగురిలో గొంతు పెగలని నాకు రాయడం కంటే చదవడమే భయం.

ఉదయం ఆరున్నరకు మా ఆయన కౌతాళంలో బస్సెక్కించి, మూత ఉన్న ఐదు లీటర్ల నీళ్ళ క్యాను చేతికిచ్చాడు. "గట్టిగా సదువు. నువ్వు గొణిగితే నాకే ఇనపడదు" అని నవ్వాడు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు ఛార్జీ లేదు. ముప్పావు గంటలో ఆదోని. బస్టాండు బయట తోపుడు బండి దగ్గర నలభై రూపాయలకు బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాను.

"ఏమ్మా, కాగితం సూసుకుంటా తింటాండావు, పరీచ్చా?" అన్నాడు బండి ఆయన.

"అవునన్నా, పరీక్షే."

ఎమ్మిగనూరుకు ఇంకో గంట. అక్కడి నుంచి ఆటోలో ఇరవై రూపాయలిచ్చి తొమ్మిదిన్నరకు ఆ కూలీలు పత్తి తీస్తున్న చేను చేరాను. పని ఆపమనడం బాగుండదని, సద్ది మూటలు విప్పేదాకా నేనూ వాళ్ళతో పత్తి తీశాను. పన్నెండింటికి చదవడం మొదలుపెట్టాను. "పురుగుమందు డబ్బాలు కడిగి, వాటిలోనే తాగే నీళ్ళు తెచ్చుకుంటున్నారు. అవగాహన లేకనే ఇలా..."

"ఆపమ్మా" అంది అందరిలో పెద్దదైన మరియమ్మ. "తెలీకనా? అది విసమని నా మనవరాలికీ తెలుసు. ఈడ బోరు నీళ్ళు ఉప్పు. ఇంటికాడి నుంచి బిందె మోస్తే సగం ఒలికిపోతాది. డబ్బాకైతే మూత ఉండాది, పిడి ఉండాది. నువ్వు కూలికి పోయినప్పుడు దేంట్లో తాగినావు?"

"దాంట్లోనే అవ్వా."

"అట్లయితే తెలివి లేనోళ్ళలో నీ పేరు ముందు రాసుకో!" అని పక్కనున్న ఆమె అనగానే అందరూ పగలబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆ వాక్యం కొట్టేసి అక్కడే కొత్తది రాసి చదివాను: "విషమని తెలిసే తాగుతున్నాం. నేనూ తాగాను. మోసుకొచ్చేందుకు మూత ఉన్న క్యాన్లు, చేల దగ్గర మంచినీళ్ళు ఇప్పించండి. ఆ రోజే ఈ డబ్బాలు వదిలేస్తాం."

"ఇంగోసారి. ఆ గట్టు మీద రైతుకు ఇనపడాల" అంది మరియమ్మ.

లేచి నిలబడి చదివాను. రైతు తల తిప్పి చూశాడు. నేను ఆపలేదు, చివరిదాకా చదివాను.

"ఇప్పుడు అచ్చేయించు" అంది.

ఈ పనికి పెద్ద చదువు కావాలని ఇన్నాళ్ళూ భయపడ్డాను. పెద్ద చదువుల మాటలు అరువు తెచ్చుకుని, నాకు తెలిసిందే తప్పుగా రాశాను. ఇక ఆ భయం లేదు. మీరూ ఇలా చేలకు వెళ్ళేటట్లయితే సద్ది వేళకు ముందే చేరండి, నీళ్ళు మూత ఉన్న క్యానులో పట్టుకెళ్ళండి. తిరిగొచ్చేటప్పుడు ఆ బరువు ఉండదు. నా క్యాను మరియమ్మ దగ్గరే ఉంది.