నాయుడు మావ రాయించిన పర్మిట్లు

ఈ ఉదయం దుర్గ్ పక్కనున్న వైశాలి నగర్‌లో మా పక్కింటావిడ వాకిలి ఊడ్చి, వేపాకుల కుప్పకి అగ్గిపుల్ల గీసింది. పొగ వంటింట్లోకి రాగానే పాలగిన్నె వదిలేసి కిటికీ దగ్గరకెళ్లాను. ఎండుటాకు కాలే వాసనకి ఇంకెవరికైనా చలిమంటలు గుర్తొస్తాయేమో, నాకు మాత్రం నాయుడు మావ గుర్తొస్తాడు. ఆయన పోయి రెండేళ్లయింది. ఆయన మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు. ప్రేమా పోలేదు.

మావ మాకు చుట్టం కాదు. శ్రీకాకుళం నుంచి వచ్చి, సర్వీసంతా ఇక్కడి ఉక్కు ప్లాంటు ఫైర్ స్టేషన్లో చేసి రిటైరయ్యాడు. మా వీధిలో పంజాబీ పిల్లలు కూడా ఆయన్ని మావా అనే పిలిచేవారు. నాకు ఫారెస్టు గార్డు ఉద్యోగం వచ్చినప్పుడు, ఆడపిల్లని అడవికి పంపడమేమిటని ఇంట్లో అందరూ మొహాలు వేలాడేసుకుంటే, ఆయన ఒక్కడే బజారుకెళ్లి నాకు బూట్లు కొనుక్కొచ్చాడు. "ఓలె గుంటా, సెప్పులేసుకుని మంట దగ్గరకెల్లినావో, కాళ్లిరగ్గొడతాను" అన్నాడు. ప్రేమను తిట్లలోనే చెప్పడం ఆయనకి అలవాటు.

నేను కాపలా తిరిగే బీటు దుర్గ్‌కి దక్షిణాన, ఇప్పచెట్ల అడవిలో. పువ్వు రాలే ముందు అక్కడి ఆడవాళ్లు చెట్టు కింద ఆకు కాల్చి నేల శుభ్రం చేసుకుంటారు. నల్లటి నేల మీద పువ్వు కనబడుతుంది, ఏరుకోవడం తేలిక. ఆ మంట ఒక్కోసారి చెయ్యి దాటి అడవెక్కేది. ఎండలు ముందే ముదిరిపోతూ ఉండటంతో ఏటికేడు అలాంటివి పెరిగాయి. కాల్చొద్దని మేం బెదిరిస్తే, మేం భోజనానికి వెళ్లిన వేళ చూసి కాల్చేవాళ్లు. ఏం చెయ్యాలో తోచక, మా ఆఫీసరుని ఒప్పించి మావని అడవి పక్కనున్న వాళ్ల ఊరికి తీసుకెళ్లాను.

మావ పంచాయతీ అరుగు మీద కూర్చుని ప్లాంటు పద్ధతి చెప్పాడు. అక్కడ చిన్న వెల్డింగుకైనా పర్మిట్ ఉండాలి. ఇక్కడా అంతే. ఒక్కో ఇంటికి ఒక్కో చీటీ, దాని మీద తారీఖు. ఆ రోజు గార్డులు నీళ్లతో పక్కన ఉంటారు, ఎవరూ దొంగతనంగా కాల్చక్కర్లేదు. ఆడవాళ్లకి నచ్చింది. తారీఖులు మాత్రం మా ఆఫీసులోని పాత రిజిస్టరు చూసి, హోలీ తర్వాతకి వేశాం. అప్పుడు సుక్వారో బాయి లేచింది. ఊళ్లో అందరికంటే ఎక్కువ చెట్లు ఎరిగిన మనిషి.

"పత్తా ఝర్ గే, బేటీ. ఆకు ఈసారి అప్పుడే రాలిపోయింది. పొద్దున మంచు ఇంకెన్నాళ్లో ఉండదు. నేల తడిగా ఉన్నప్పుడే కాల్చుకోనివ్వండి" అంది.

నేను మావ వైపు చూశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఒకలికి సడలించినావంటే ఇంకేటుంది, అందరూ అడుగుతారు." ఆమె చీటీ నేనే నింపి, సంతకం చేసి ఇచ్చాను.

వేరే ఏడాదైతే ఆమె ఎవరికీ చెప్పకుండా కాల్చుకునేది. మేము మొదటిసారి మర్యాదగా అడిగామని ఆగింది. చీటీ మీదున్న రోజు తెల్లవారేసరికే గాలి వేడిగా ఉంది. మంచు చుక్క లేదు. ఆకు పట్టుకుంటే అప్పడంలా పొడైపోయింది. వద్దనాల్సింది నేను. తారీఖు ఇవాళే కదా అనుకుని ఊరుకున్నాను. నిప్పు పెట్టిన కాసేపటికే, అడ్డుగా ఆకు ఊడ్చి ఉంచిన గీతని మంట దాటింది. మా నీళ్లు ఏ మూలకీ రాలేదు. సుక్వారో బాయి కొమ్మ విరిచి మంటని కొడుతూ లోపలికి వెళ్లింది. చీర అంటుకుంది. ఆసుపత్రిలో మూడు రోజులు బతికింది.

దినాలయ్యాక మావా నేనూ వాళ్లింటికి వెళ్లాం. నేను రాసిన చీటీ గోడకి మేకుతో గుచ్చి ఉంది. మావ దాన్ని చాలాసేపు చూశాడు. ఆమె కూతురు కుంతి ముందు నేల మీద కూర్చుని, వచ్చీరాని హిందీలో తప్పు తనదేనన్నాడు. బస్సులో నాతో అన్నాడు: "ప్లాంటులో కొలిమి నాను సెప్పినట్టు ఇంటాది. అడివి ఇంటాదేటే? ఆ ముసల్ది సెప్తే ఇనలేదు, కాయితం సూసేం."

ఆ తర్వాత బతికినన్నాళ్లూ మావ ప్రతి మాఘంలో ఆ ఊరు వచ్చేవాడు. ఉపన్యాసాలు మానేశాడు. ఆడవాళ్ల వెంట తిరిగి ఆకు నలిపి చూసేవాడు, వాళ్లు చెప్పింది నాచేత రాయించేవాడు. వాగవతలి ఊరివాళ్లనీ కూర్చోబెట్టి, రెండు ఊళ్లూ ఒకే రోజు కాల్చేలా ఒప్పించాడు. గుండె ఆగి పోయే ముందు వారం కూడా ఫోన్లో "ఆకు రాలిందేటే?" అనే అడిగాడు. అయినా ప్రతి ఏడూ గెలుస్తున్నామని చెప్పలేను. ఎండల తీరు మారిపోయి, పెద్దవాళ్లు నేర్పిన నెలల లెక్క ఇప్పుడు ఆ ఆడవాళ్లకే పనికిరావడం లేదు. నిరుడు రెండు ఊళ్లూ కలిసి కాపు కాసినా తూర్పు వాలు మొత్తం కాలిపోయింది.

ఇప్పుడు రోజు చెప్పేది కుంతి. చెట్టు కింద కూర్చుని, ఆకు పట్టుకుని, గాలి చూసి, రేపు అంటే రేపు, వద్దంటే వద్దు. ఆఫీసు నుంచి ఎన్ని ఫోన్లొచ్చినా నేను ఆ మాట దాటను. ఆ ఊళ్లో ఆడవాళ్లంతా నన్ను దీదీ అంటారు. కుంతి మాత్రం మేడమ్ అంటుంది. నేనెప్పుడూ దిద్దలేదు.