ఫిరంగికి ఎడమవైపు మనిషి

2004, వానాకాలం. తెనాలి రైల్వే స్టేషనుకు దగ్గర్లో, మెట్లెక్కి వెళ్ళే ఒక చిన్న గదిలో నా క్లినిక్ ఉండేది. నేను ఆడియాలజిస్టుని. అంటే చెవి ఎంతవరకు వినగలదో పరీక్ష చేసి, వినలేని చెవికి హియరింగ్ ఎయిడ్ అమర్చడం నా పని. బోర్డు ఎంత పెద్దగా రాయించినా ఊళ్ళోవాళ్ళకి మాత్రం అది "చెవి మిషన్ల షాపు"గానే ఉండిపోయింది. నేను డాక్టర్ని కాదని మొదట్లో వచ్చినవాళ్ళందరికీ చెప్పేదాన్ని, తర్వాత విసుగొచ్చి మానేశాను.

ఒక ఉదయం ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. ఒకరు మస్తాన్ గారు, రేపల్లెలో పరుపులు కుట్టే దుకాణం ఆయనది. రెండో ఆయన సత్యం గారు, బాపట్లలో ఎరువుల కొట్లో గుమాస్తా. ఎవరి రైల్లో వాళ్ళు వచ్చి తెనాలి స్టేషన్లో కలుసుకుని, టిఫిన్ చేసి, కబుర్లాడుకుంటూ మెట్లెక్కారు. బెంచీ మీద కూర్చున్నారు. వెంటనే ఇద్దరూ లేచి, చోట్లు మార్చుకుని మళ్ళీ కూర్చున్నారు.

"ఏంటండి, బెంచీ కదులుతోందా?" అన్నాను.

"అదేం కాదమ్మా," అన్నారు సత్యం గారు. "వాడికి కుడి చెవి లేదు, నాకు ఎడమ చెవి లేదు. ఇందాకట్లా కూర్చుంటే ఒకళ్ళ మాట ఒకళ్ళకి ఎక్కదు."

ఇద్దరూ మాజీ సైనికులని అప్పుడు తెలిసింది. ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో, ఒకే ఫిరంగి దగ్గర పనిచేశారు. మస్తాన్ గారు హవల్దారు హోదాలో లేయర్, అంటే గురి కుదిర్చి ఫిరంగిని తిప్పే మనిషి. ఆయన ఎడమవైపు కూర్చునేవారు. సత్యం గారు కుడివైపు నిలబడి గుండ్లు అందించేవారు. ఫిరంగి వైపు ఉన్న చెవి ఎవరిది వాళ్ళకి పోయింది. పెద్ద శబ్దాల దగ్గర పనిచేసేవాళ్ళకి ఇలా ఒక పక్కే ఎక్కువ దెబ్బతింటుందని నేను పుస్తకాల్లో చదివాను. కానీ ఒకే ఫిరంగి అటూ ఇటూ పోగొట్టిన రెండు చెవులు నా బెంచీ మీద పక్కపక్కనే కూర్చోవడం అదే మొదటిసారి చూడటం.

పరీక్ష సత్యం గారికి కాదు, మస్తాన్ గారికి. ఆయనకి మిగిలిన ఎడమ చెవి కూడా బాగా మందగించింది. అయినా మిషన్ పెట్టుకోమంటే ఇన్నేళ్ళూ ఒప్పుకోలేదట.

"మిషన్ పెట్టుకుంటే మిలట్రీ వీణ్ణి చెవిటోణ్ణి చేసి పంపిందని ఊరంతా అంటదని వీడి భయం," అన్నారు సత్యం గారు.

"మరి ఇప్పుడెందుకు వచ్చారు బాబాయి గారూ?" అని మస్తాన్ గారిని గట్టిగా అడిగాను.

ఆయన సత్యం గారి వైపు ఒకసారి చూశారు. తర్వాత చెప్పారు. భార్య సైదాబీకి గొంతులో గడ్డ వచ్చింది. గుంటూరు డాక్టర్లు స్వరపేటిక తీసేయాలన్నారు, పై సోమవారమే ఆపరేషన్. ప్రాణానికి భయం లేదు గానీ ఆ తర్వాత ఆమెకి మాట ఉండదు.

"ఆవిడ గొంతు నేను సరిగ్గా విని ఎన్నేళ్ళైందో నాకే గుర్తులేదమ్మా. పోయేలోగా ఒక్కసారి వినాలి."

పెద్ద శబ్దాలు ముందుగా చెరిపేసేది సన్నని ధ్వనుల్నే. అందుకే ఆడవాళ్ళ గొంతులు, పిల్లల గొంతులు మొదట దూరమవుతాయి. బండి హారన్ వినగలిగిన మనిషికి పక్కనున్న భార్య మాట గోడవతల గొణుగుడులా ఉంటుంది. ఈ సంగతి నేను రోజూ ఎవరికో ఒకరికి చెప్పేదే. ఆయనకి మాత్రం చెప్పలేకపోయాను.

పరీక్షకి అద్దం తలుపున్న, బయటి శబ్దం చొరబడని గది ఒకటి ఉంటుంది. లోపల కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి సన్న సన్న శబ్దాలు పంపుతాం. వినపడినప్పుడల్లా చేతిలోని బటన్ నొక్కాలి. ఏ శబ్దం ఎంత పెంచితే వినపడిందో గీసే పటాన్ని ఆడియోగ్రామ్ అంటాం.

మస్తాన్ గారు చకచకా నొక్కేశారు. నేను పటం గీసి చూసుకుంటే నవ్వొచ్చింది. అంత బాగా వినపడే మనిషి నా దగ్గరికి రావలసిన పనే లేదు. మళ్ళీ మొదలుపెట్టి ఈసారి అద్దంలోంచి ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. బటన్ నొక్కే ముందు ప్రతిసారీ ఆయన నోరు తెరుస్తున్నారు. శబ్దం పంపడం ఆపేశాను. ఆయన ఆపలేదు. నోరు తెరిచారు, నొక్కారు. కాసేపాగి మళ్ళీ తెరిచారు, మళ్ళీ నొక్కారు.

తలుపు తీసి, "ఏం వినపడిందని నొక్కారండి?" అన్నాను.

"టైమయింది కదమ్మా," అన్నారాయన అమాయకంగా.

సత్యం గారు బెంచీ మీద పడీ పడీ నవ్వారు. "ఫిరంగి పేలేముందు నోరు తెరవాలమ్మా, లేకపోతే కర్ణభేరి పగిలిపోద్ది. మేమైతే చెవులు కూడా మూసుకునేవాళ్ళం. వీడి చేతులు ఫిరంగి తిప్పే చక్రం మీద ఉండేయి. వీడికి నోరొక్కటే దిక్కు. గుండుకీ గుండుకీ మధ్య ఎంతసేపో వీడి ఒంట్లో ఉండిపోయింది. నువ్వేమో లెక్క తప్పకుండా అంతంత సేపటికే కూత పంపిస్తన్నావు."

నేను నవ్వలేకపోయాను. మిలట్రీ వదిలి పరుపులు కుట్టుకుంటున్న మనిషి శరీరం ఇంకా ఆ పేలుడు కోసం సిద్ధపడుతూనే ఉంది. మూడోసారి శబ్దాల మధ్య వ్యవధి ఇష్టమొచ్చినట్టు మార్చి పంపాను. నోరు మూసుకుని కూర్చోండి బాబాయి గారూ అని కూడా చెప్పాను. హవల్దారుని నోరు మూసుకోమన్నవాళ్ళలో నేను రెండోదాన్నని, మొదటిది వాళ్ళావిడని సత్యం గారు తేల్చారు.

ఈసారి అసలు పటం వచ్చింది. కుడి చెవిలో ఏమీ లేదు. ఎడమ చెవిలో లావు శబ్దాల దగ్గర కొంచెం వినికిడి మిగిలింది. దానితో ప్రయత్నం చేయవచ్చు.

కాగితాలు రాసుకుంటూ, నోరాగక అడిగాను. "మిలట్రీకి ఎందుకెళ్ళామా అని ఎప్పుడైనా అనిపించిందాండీ?"

సత్యం గారు వెంటనే అందుకున్నారు. "నాకు అనిపించని రోజు లేదమ్మా. నేను పద్యం పాడేవాణ్ణి. నాటకాల్లో కృష్ణుడు వేషం కట్టేవాణ్ణి. ఇంటికొచ్చాక స్టేజీ ఎక్కితే హార్మోనీ ఒక శ్రుతి, నేనో శ్రుతి. జనం లేచిపోయారు. అదొకటైతే, డెబ్భై ఒకటి యుద్ధంలో మేం వేసిన గుండ్లు ఎవరి మీద పడినయ్యో మాకు తెలీదు. మేం చూడలేదు. అది తల్చుకున్న రోజు నాకు అన్నం దిగదు."

మస్తాన్ గారు అద్దం గది వైపే చూస్తూ కూర్చున్నారు. వినపడలేదో, వినదలచుకోలేదో తెలియదు. నేను ప్రశ్న మళ్ళీ అడిగితే అన్నారు, "నాకట్టాంటిది లేదమ్మా. దూది ఏకే ఇంట్లో పుట్టినోణ్ణి. మస్తాన్ గురి పెడితే ఇంక చూసుకోనక్కర్లేదని నలుగురూ నమ్మారు. అంత నమ్మించుకున్నోడు ఎందుకెళ్ళానా అనకూడదు."

"వీడిదెప్పుడూ ఇదే పాట," అన్నారు సత్యం గారు. ఈ తగాదా వాళ్ళిద్దరి మధ్య ఎప్పుడూ ఉండేదేనని అర్థమైంది.

చిక్కు ఇంకొకటి ఉంది. అంత బలమైన మిషన్ పెట్టాలంటే ఇయర్ మోల్డ్ కావాలి. చెవి లోపలి ఆకారాన్ని మెత్తటి ముద్దతో అచ్చు తీసి పంపితే ల్యాబ్‌లో దానికి సరిపోయే గొట్టం చేసిస్తారు. అది సరిగ్గా అమరకపోతే మిషన్ కీచుమని కూస్తుంది. విజయవాడకి పోస్టులో పంపి తెప్పించుకునేసరికి ఆపరేషన్ దాటిపోతుంది. ఆ మాట చెప్పగానే సత్యం గారు అచ్చు ఇమ్మన్నారు. కొట్లో సెలవు పెట్టి, దాన్ని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని విజయవాడ వెళ్ళి, ల్యాబ్ మెట్ల మీద కూర్చున్నారట. లోపలికొచ్చి కూర్చోమన్నా వినలేదట. చేసి ఇచ్చేదాకా లేవనన్నారట. శనివారం పొద్దున అదే డబ్బాతో నా ముందు నిలబడ్డారు.

వెనకాలే మస్తాన్ గారు, సైదాబీ గారు వచ్చారు. ఆమె బక్కపలచని మనిషి, గొంతు చుట్టూ కొంగు చుట్టుకుని ఉంది. మిషన్ ఆయన ఎడమ చెవికి అమర్చి, మెల్లగా పెంచి, ఆమెని మాట్లాడమన్నాను.

"ఏవండీ, వినపడతందా?"

మస్తాన్ గారి మొహం చిట్లింది. నా వైపు తిరిగారు. "అమ్మా, మిషన్లో గరగర వస్తంది. కొంచెం సరిచెయ్."

మిషన్లో లోపం లేదని నాకు తెలుసు. అయినా ఏం చెప్పాలో తెలియక దాని మీదికి వంగాను.

"మిషన్ కాదండి," అంది సైదాబీ గారు. "నా గొంతే."

గడ్డ ఆమె గొంతుని అప్పటికే తినేసింది. ఆ సంగతి రేపల్లెలో దుకాణానికొచ్చే ప్రతివాళ్ళకీ తెలుసు, ఆయనకొక్కరికే తెలియదు.

"చెప్పలేదేంటి నాకు?" అన్నారాయన.

"మారిందని చెప్పానుగా. ఎట్టా మారిందో మీకెట్టా చూపించను?"

తర్వాత ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఒక మాట అడగాలండి. ఎప్పట్నుంచో ఉంది, ఇంక సోమవారం దాటితే అడగలేను. మిలట్రీకి పోయినందుకు ఎప్పుడైనా బాధపడ్డారా?"

మస్తాన్ గారు చాలాసేపు ఆమెనే చూశారు.

"నిన్నటిదాకా లేదు," అన్నారు. "ఇయ్యాళ ఉంది."

ఇన్నేళ్ళ తగాదాలో సత్యం గారు గెలిచారు. ఆయన మాత్రం తల దించుకుని టిఫిన్ డబ్బా మూత తీస్తూ పెడుతూ ఉండిపోయారు.

సైదాబీ గారు నవ్వింది. ఆ నవ్వూ బొంగురే. "నాకు లేదు," అంది. "చెవులు బాగుంటే మీరూ అందరు మొగుళ్ళలాగే దూది ఏకుతా ఊఁ కొట్టేవోళ్ళు. నేను నోరు విప్పితే చాలు, చేతిలో పని ఆపి నా మొహంలోకి చూస్తారు. ఉప్పు అయిపోయిందని చెప్పినా సరే. పెళ్ళైన ఏ ఆడదానికి దొరికిందండి అట్టా?"

మా వృత్తిలో దాన్ని లిప్ రీడింగ్ అంటాం, పెదవుల కదలికని బట్టి మాట పట్టుకోవడం. చెవిటివాళ్ళు చాలామంది వాళ్ళకి తెలియకుండానే నేర్చుకుంటారు. చదువులో నాకు దాని మీద ఒక పాఠం కూడా ఉంది. ఆ పాఠంలో ఇది లేదు. నాకు కళ్ళలో నీళ్ళు ఆగలేదు, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

ఆ శని, ఆదివారాలు దుకాణం మూసేసి ఇద్దరూ మాట్లాడుకుంటూ కూర్చున్నారని సత్యం గారు తర్వాత చెప్పారు. ఆపరేషన్ సంగతి కూడా ఆయనే చెప్పారు. స్పృహ వచ్చాక సైదాబీ గారు ఏదో చెప్పబోయింది. శబ్దం లేదు, పెదవులే కదిలాయి. నర్సులు పలక తెచ్చారు, ఆమెకి రాయడం రాదు. కూతుళ్ళిద్దరూ ఏడుపు. బయటికి మందులకు వెళ్ళిన మస్తాన్ గారు లోపలికొచ్చి, ఆమె మొహంలోకి ఒకసారి చూశారు. "దిండు ఎత్తయిందంట, తీయండి," అన్నారు. "ఆ సూది పెట్టిన చోట మండుతుందంట."

తల్లి కళ్ళతో అవునంది. కూతుళ్ళు ఏడుపాపి తండ్రిని కొత్త మనిషిని చూసినట్టు చూశారట.

అదే వార్డులో అలాంటి ఆపరేషనే అయిన మనిషి ఇంకొకరు ఉన్నారు, రేపల్లె దగ్గర నగరం అనే ఊరి రైతు. ఆయన ఏమంటున్నాడో చెప్పమని ఇంటివాళ్ళు మస్తాన్ గారిని పిలిచారు. తర్వాత డాక్టర్లు కూడా రౌండ్స్‌కి వచ్చినప్పుడు ఆయన్ని వెంట ఉండమన్నారు. గొంతుల్లేని మనుషుల మంచాల దగ్గర ఆ చెవిటి లేయర్ వంగి నిలబడి ఎవరి మాట వాళ్ళకి అప్పజెప్పారని విన్నప్పుడు నేను చేస్తున్న పని ఆపి అలా కూర్చుండిపోయాను. నాకు తెలిసిన ఏ మిషనూ ఆ పని చేయలేదు.

చలికాలంలో మిషన్ బ్యాటరీలకి దంపతులిద్దరూ వచ్చారు. సత్యం గారు కూడా ఉన్నారు. నాకు పాత కుతూహలం పోలేదు.

"బాబాయి గారూ, ఇప్పుడు చెప్పండి. ఇంకా బాధగానే ఉందా?"

"ఆ సంగతి నన్నడక్కమ్మా," అన్నారు మస్తాన్ గారు. "మా ఇంట్లో మాట ఆవిడది. నేను అందించేవాణ్ణే."

సైదాబీ గారి పెదవులు కదిలాయి. ఆయన చూసి నవ్వారు.

"ఏమంటున్నారు?"

"ఈ పిల్లకి ఇంకేం పని లేదా అంటంది."

సత్యం గారు అందరికన్నా గట్టిగా నవ్వారు. ఆయనకి మాత్రం బాధ అలాగే ఉంది, ఇప్పటికీ దాచుకోరు. ఆ పద్యాల సంగతి, ఆ గుండ్ల సంగతి ఎవరూ తీర్చలేరు. ఒకే ఫిరంగికి అటూ ఇటూ ఉన్న ఇద్దరికీ రెండు జవాబులు ఉండవచ్చని, రెండూ నిజమే కావచ్చని ఆ బెంచీ మీద వాళ్ళని చూశాకే ఒప్పుకున్నాను.

వృత్తిలో నేను మార్చుకున్నది ఒకటుంది. ఆడియోగ్రామ్ చూస్తే చెవి ఎంత పోయిందో తెలుస్తుంది. పోయినదాన్ని పెట్టుకుని ఆ ఇంట్లో ఇద్దరు మనుషులు ఎలా బతికారో తెలియదు. అందుకని ఇప్పుడు పరీక్షకి ముందే, మీరు ఎవరి గొంతు వినాలని వచ్చారని అడుగుతున్నాను. ఆ మనిషిని కూడా తీసుకురమ్మంటున్నాను.