పైదూలం ఎక్కించింది నేను కాదు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే, ముందు వాళ్లకో పని అప్పగించండి అనేవాణ్ణి. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. ఇది చదివి నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు, జరిగింది మాత్రం జరిగినట్టే చెబుతాను.

మాది జగిత్యాల దగ్గర పల్లె. తాత నాటి నుంచీ వడ్రంగులం. కరోనా తగ్గాక రెండో ఎండాకాలం, దుబాయ్‌లో అల్ కుసైస్ దగ్గరి ఒక యార్డులో పనిచేస్తున్నాను. ఒక షేక్ గారు జర్మనీలో పాత ఊరి సందులోని ఇంటిని విప్పించి, దాని కలపను కంటైనర్‌లో తెప్పించారు. హోటల్ ముందు దాన్ని మళ్లీ నిలబెట్టాలి. ముందుగా యార్డులో కూర్చి చూస్తున్నాం.

కలపతో పాటు ఆ సందు ఫోటో ఒకటి వచ్చింది. రాళ్లు పరిచిన ఇరుకు దారి, ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టున్న ఇళ్లు. ఆ ఇంటి మీద నాకు మోజు పుట్టింది. ఎన్నేళ్ల నాటి పనో, ఒక్క ఇనుప మేకు లేదు.

గుమ్మానికి అటూ ఇటూ స్తంభాలు నిలిచాయి. పైదూలం మాత్రం ఎక్కలేదు. కొస బెజ్జానికి రెండు వేళ్లు పక్కకు పోతోంది. దూలం మీద, ఏ కొయ్య ఎక్కడ అమరాలో తెలిసేలా పాత వడ్రంగి ఉలితో కొట్టిన గీతలున్నాయి. మా దగ్గర అలాంటి గుర్తులు బయటికి కనిపిస్తే నామోషీ, అందుకే లోపలివైపు తిప్పించాను. గీతలు బయటికి వచ్చేలా తిప్పి చూద్దామన్న ఆలోచన ఆ పొద్దున ఒక్కరికీ రాలేదు. తప్పు నాదే.

“లకడీ కాటో, ఖలాస్,” అన్నాడు ఫోర్‌మన్. కోస్తే ఆ కలప మళ్లీ రాదు. కోయనన్నాను. సాయంత్రానికి ఎక్కకపోతే ఇంటికి పంపేస్తానన్నాడు.

పన్నెండున్నరకు పని ఆపేశాం. ఎండాకాలంలో మూడింటి దాకా ఆరుబయట పనిచేయకూడదని ఇక్కడి కానూన్. ఆరుగురం షెడ్డు నీడలో పడుకున్నాం. ఫోర్‌మన్ తన ఏసీ క్యాబిన్‌లో. గేటుకు తాళం.

మిట్టమధ్యాహ్నం ఒంటరిగా తిరగొద్దని మా ఊళ్లో అంటారు. పిల్లలు ఎండలో తిరగకుండా పెద్దలు పెట్టిన భయమని నా లెక్క. అప్పుడు వినిపించింది, కొయ్య మీద కొయ్య సుత్తి దెబ్బ. మూడు దెబ్బలు, కాస్త ఆగి మళ్లీ మూడు. లేచి చూశాను. ఆరుగురమూ ఇక్కడే ఉన్నాం. పక్క యార్డేమోలే అనుకున్నాను.

మూడింటికి వెళ్లి చూస్తే దూలం ఎక్కి ఉంది. నలుగురం కలిస్తే గానీ లేవని దూలం. గీతలు వీధివైపు తిరిగి ఉన్నాయి. నేను చెక్కిన కొత్త కొయ్య మేకులు సంచిలోనే ఉన్నాయి. బెజ్జాల్లో దిగినవి నల్లబడ్డ పాత మేకులు. అలాంటివి కంటైనర్‌లో ఒక్కటీ రాలేదు.

మేకు మీద పెట్టిన చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నాను. ఫోర్‌మన్‌కు మాత్రం వేరే భయం పట్టుకుంది. నిషేధం వేళలో పని జరిగిందని తెలిస్తే కంపెనీకి జరిమానా. నా ఇష్టంతో నేనే చేశానని ఒక కాగితం రాసి తెచ్చాడు.

“సైన్ కరో, నహీ తో వీసా క్యాన్సిల్.”

మా ఆరుగురిలో ఒకడైన నిర్మల్ మల్లేశం నా చెయ్యి పట్టుకున్నాడు. “అన్నా, పెట్టరాదే. పెట్టకుంటే కొలువు పోతది.”

“నేను కొట్టిన దెబ్బ కాదురా అది. ఎట్ల పెడుత?”

పెట్టలేదు. వీసా పోలేదు గానీ ఆ ఇంటి పని పోయింది. నాలుగు నెలలు లారీలకు సామాను ఎత్తాను. ఆ గుమ్మానికి తలుపు ఇంకెవరో బిగించారు. ఆ రోజు ఏడుపొచ్చింది, దాచుకోను.

ఇప్పుడు ఆదివారాలు ఫోన్‌లో జర్మనీ పాత ఊళ్ల సందులన్నీ తిరుగుతాను. గీతలున్న గుమ్మం కనిపించిన చోటల్లా ఆగి చూస్తాను. నేను చూసినంతలో అన్నీ వీధివైపే ఉన్నాయి. ఆ సంగతి ఆ రోజు మా యార్డులో ఎవరికీ తెలియదు.

మరి ఎవరికి తెలుసు?  ఆ కాగితం ఈరోజు మళ్లీ తెచ్చినా సంతకం పెట్టను. ఇంకో వడ్రంగి చేసిన పనికి నా పేరు రాసుకోను.