చెవులు కుట్టిన రోజు ఫొటో

మా మేనకోడలి చెవులు నా ఒళ్లోనే కుట్టించేం. మేనమామ ఒళ్లో కుట్టించడం మాలో ఆనవాయితీయే, అందులో తప్పేటుంది అంటారు మీరు. నేనూ అలాగే సర్దిచెప్పుకున్నాను, ఛీ!

మా చెల్లి ఐదేళ్ల కూతుర్ని తీసుకుని కెనడా నుంచి సెలవులకని వచ్చింది. ఈ హిందీ ఊళ్లో, సెక్టర్ 7లో ఉన్న మా స్టీల్ ప్లాంటు క్వార్టరుకి చేరిన వారానికే, తిరిగి వెళ్లనంది. మొగుడు కొట్టేడా అంటే లేదు, తాగుతాడా అంటే లేదు. "నాకక్కడ ఊపిరాడట్లేదన్నయ్యా" అంది. నాకది చాలు. బావ ఫోన్లు కూడా ఎత్తొద్దని చెప్పింది నేనే. ఆయన అక్కడి కోర్టుకెళ్లేడు. పిల్లని వెనక్కి పంపాలని వాళ్లు ఆర్డరిచ్చేరు. అది పట్టుకుని ఇక్కడి హైకోర్టులో కేసేసేడు.

మా వకీలు హిందీలో ధైర్యం చెప్పేడు. "భయ్యా, పరాయి దేశం ఆర్డరుని మన జడ్జీలు చూస్తారు గానీ, దానికి కట్టుబడి ఉండక్కర్లేదు. పిల్లకి ఏది మంచిదో అదే చూస్తారు. ఇక్కడ మీలో కలిసిపోయిందని చూపించండి. మంచి ఫొటోలు తెండి."

అప్పుడు తట్టేయి నాకు, ఆ చెవులు. బావ ఎప్పుడూ అనేవాడు, "దాని ఏడుపు చూళ్లేను గానీ, చెవులు కుట్టేటప్పుడు నేనుండాలి" అని. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చేసేను.

మా ఊళ్లోనే ఉన్న క్యాంప్ 1 బస్తీ నుంచి కంసాలి వచ్చేడు. పట్టులంగా కట్టించి, పిల్లని ఒళ్లో కూచోబెట్టుకున్నాను. బంగారు తీగ చూడగానే అది బిక్కమొహం వేసి, "నాన్న కావాలి" అంది. ఏడుపు ఫొటో దేనికి పనికొస్తుంది? ఎదురుగా మా ఆవిడ ఫోన్ పట్టుకుని ఉంది. "అదిగో, ఆ ఫోన్లోంచి నాన్న చూస్తున్నాడు. ఏడవకమ్మా, టాటా చెప్పు" అన్నాను. పిచ్చితల్లి, నమ్మేసింది. కళ్లు తుడుచుకుని నవ్వింది, చెయ్యూపింది. తీగ దిగినా కిక్కురుమనలేదు. మా ఆవిడ నాకేసి ఓ చూపు చూసింది గానీ, ఫొటో తీసింది.

ఆ ఫొటో చూసి వకీలు ఎగిరి గంతేసేడు.

విచారణకి బావ అక్కడి నుంచే వీడియోలో హాజరయ్యేడు. ఎంత చిక్కిపోయేడో! జడ్జిగారు పిల్లని దగ్గరకి పిలిచి, ఫొటో చూపించి, ఎవరికి టాటా చెప్తున్నావని ఇంగ్లీషులో అడిగేరు. పిల్ల తెరకేసి తిరిగి తెలుగులో అంది, "నాన్నా, నువ్వు చూసేవు కదా? నేను ఏడవలేదు కదా?"

నా పై ప్రాణాలు పైనే పోయేయి. "నేను చూడలేదు" అని ఆయనొక్క మాటంటే చాలు, నా బండారం బయటపడుతుంది. ఆయన దాని చెవులకేసే చూస్తున్నాడు. "చూసేనమ్మా. అస్సలు ఏడవలేదు నువ్వు. బంగారు తల్లివి" అన్నాడు.

జడ్జిగారికి తెలుగు రాదు. తండ్రీకూతుళ్లు ఏమన్నారని పిల్ల పక్కనున్న నన్నడిగేరు. ఆ అబద్ధాన్ని ఉన్నదున్నట్టు హిందీలోకి మార్చి చెప్తే, కేసు మాదే. మా వకీలు అప్పటికే చిరునవ్వు మొదలెట్టేడు. నాకు సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. పిల్లకింకా హిందీ పట్టుబడలేదు. ఆ ధైర్యంతోనే, తలొంచుకుని హిందీలో చెప్పేను. ఆ ఫోన్లో ఆయన లేరండి, పిల్లకి అబద్ధం చెప్పింది నేను, దాని మనసు విరక్కూడదని చూసేనంటున్నారు.

పిల్లని వెనక్కి పంపాలన్న తీర్పు తర్వాత వచ్చింది. విచారణ జరిగిన ఆ పూట నుంచే మాత్రం రోజూ తండ్రితో మాటాడించమన్నారు జడ్జిగారు.

కోర్టు నుంచి ఇంటికొస్తుంటే, దారిలో కుమ్హారి ఊరు దాటేక చెల్లి నోరు విప్పింది. "నువ్వు నోరు మూసుకునుంటే నీ సొమ్మేం పోయేదన్నయ్యా?"

ఒళ్లో పిల్ల నా చొక్కా లాగి, "మావయ్యా, నాన్నకి ఫోన్ చెయ్యవా?" అంది. చేసేను. అది జుత్తు వెనక్కి తోసుకుని ఒక చెవి, తర్వాత ఇంకో చెవి చూపించింది. ఆయన మొదటిసారి చూస్తున్నట్టు కనబడకుండా చూసేడు. నేను ఫోన్ వెనకాలే మొహం దాచుకుని, చెయ్యి కదలకుండా పట్టుకున్నాను.