మొక్కని మొక్కు

2017 మే 13, శనివారం, ఉదయం పదిన్నరకు నా కూతురి కొడుకు ఆమదాలవలస స్టేషనులో రైలు దిగాడు. పదకొండూ పదికి ఆటో మా వీధిలో ఆగింది. వాడు కట్టుకున్నది స్కర్టని నాకంటే ముందు ఎదురింటి కోడలు గుర్తుపట్టింది.

వాడు బెంగళూరులో బట్టల డిజైను చదివి, అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. ఆ స్కర్టు తనే కుట్టుకున్నాడు. గుడ్డ మాత్రం నేనిచ్చిందే. మా వారి పొందూరు పంచెల్లో మిగిలిన ఆఖరిది. అంతకు ముందు ఏడాది అడిగితే, తాత గుర్తుగా దాచుకుంటాడనుకుని ఇచ్చాను. దానికి నీలిరంగు వేయించి, నడుము చుట్టూ కుచ్చెళ్లు పెట్టి, మోకాళ్ల కిందికి కుట్టాడు. కుచ్చెళ్లు తిప్పి చూశాను. ఒక్కటీ వెడల్పు తప్పలేదు. మా వారు రోజూ పొద్దున్న అద్దం ముందు నిలబడి కుచ్చెళ్లు సరిచేసుకునేవారు. అప్పుడెవరూ నవ్వలేదు. అదే గుడ్డ, కుట్టు పడేసరికి ఆడదాని బట్ట అయిపోయింది.

1968లో మా వారు మొదటిసారి ప్యాంటు వేసుకొచ్చినప్పుడు, ఆ రెండు గొట్టాల్లో ఏ కాలు ఎందులో పెట్టాలో ఎలా తెలుస్తుందని మా అత్తగారు అడిగి అందరినీ నవ్వించారు. కొన్నాళ్లకు ఆ నవ్వు పోయింది. ఇదీ అలాగే పోతుందనుకున్నాను.

సాయంత్రం టీకొట్టు దగ్గర నా కొడుకుని పట్టుకున్నారు. బావ వరసయ్యే ఒకాయన, "ఏటి బావా, మీ మేనల్లుడికి పిల్లని సూడాలా, పిల్లోడిని సూడాలా?" అన్నాడట.

"మొక్కు బావా. అమ్మోరి మొక్కు" అన్నాడట నా కొడుకు. అంతే, అందరి నవ్వూ ఆగిపోయింది.

మా వైపు జబ్బు తగ్గితే, గ్రామదేవత పండగలో చీర కట్టి ఘటాల వెంట నడుస్తామని మగవాళ్లు మొక్కుకుంటారు. టైఫాయిడ్ తగ్గాక నా కొడుకూ నడిచాడు. ఎవరూ వెక్కిరించరు. కానీ మొక్కు తీరాక ఆ బట్ట గుడి వెనక వదిలేసి రావాలి. ఇంటికి తేకూడదు. ఆ మాట అన్నప్పుడు నా కొడుక్కి ఇది తట్టలేదు. పండగ మే 23, మంగళవారం.

దారిలో ఊరివాళ్లు మనవడిని ఆపి, ఏ జబ్బు తగ్గిందని అడగడం మొదలుపెట్టారు. సంగతి తెలిసి వాడు మేనమామని నిలదీశాడు.

"నేనే మొక్కూ మొక్కలేదు మావయ్యా. నచ్చి కట్టుకున్నాను."

"ఒక్కపూట నడిసెయ్‌రా. గుడ్డే కదా."

"తాత గుడ్డ."

"మరి నా మాటో? అమ్మోరి పేరు మీద అబద్దమాడేడని ఊరంతా సెప్పుకోవాలా?"

చేయని అప్పు తీర్చడం ఏ లెక్కలోనూ లేదని, అబద్ధమాడినవాడే గుడికి వెళ్లి తప్పు ఒప్పుకోవాలని నేనన్నాను. నా కొడుకు ఆ పూట అన్నం ముట్టలేదు. వాడి భయం అమ్మవారంటేనో, టీకొట్టంటేనో నాకు ఈనాటికీ తేలలేదు. మేనమామ ముఖం చూసి మనవడే ఒప్పుకున్నాడు.

మంగళవారం ఘటాల వెంట నడిచాడు. టీకొట్టు దగ్గర వెటకారమాడిన ఆయనే బిందెతో పసుపునీళ్లు తెచ్చి, వాడి కాళ్ల మీద పోసి దండం పెట్టాడు. మనవడు తల ఎత్తలేదు. గుడి వెనక ప్యాంటు వేసుకుని, విప్పిన స్కర్టుని మడతపెట్టి అక్కడ ఉంచాడు.

ఇంటికొచ్చి నా పక్కన కూర్చున్నాడు. "నవ్వినప్పుడే నయం అమ్మమ్మా. అప్పుడు నన్ను చూసి నవ్వారు. ఇవాళ దండం పెట్టింది నాక్కాదు, మొక్కుకి" అన్నాడు.

మర్నాడు రైలెక్కాడు. తర్వాత రెండేళ్లూ పండగకు రమ్మని మేనమామ ఫోన్ చేస్తే, సెలవు లేదన్నాడు. నేనే ఒకసారి బెంగళూరు వెళ్లి చూసి వచ్చాను. వాడి బీరువాలో స్కర్టులు మూడున్నాయి. పొందూరు గుడ్డది ఒక్కటీ లేదు.

2019 పండగ నాటికి పోయినవి: మా వారి ఆఖరి పంచె, ఎనిమిది మూరలు. దాన్ని కుట్టడానికి వాడు పెట్టిన ఆదివారాలు, నాలుగు. మేనమామా మేనల్లుడూ ఒక వరసలో భోజనానికి కూర్చోవడం. మనవడు మా ఊరు రావడం.